రింగ్ బఫర్‌లో పాత ప్యాకెట్లు వస్తున్నాయి: ఏ మెమరీ బ్యారియర్ ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. నాలుగు ఆర్మ్ కార్టెక్స్ ఏ72 కోర్లున్న బోర్డు, దాని మీద లైనక్స్. ఒక త్రెడ్ ప్యాకెట్లు తెచ్చి రింగ్ బఫర్‌లో (చివరకు చేరాక మళ్లీ మొదటికి తిరిగే స్లాట్ల వరుసలో) వేస్తుంది, ఇంకో కోర్ మీదున్న త్రెడ్ వాటిని తీసుకుంటుంది. వేసేది ఒక్కటే, తీసేది ఒక్కటే కాబట్టి లాక్ పెట్టలేదు. హెడ్ (తర్వాత తీయాల్సిన చోటు), టెయిల్ (తర్వాత వేయాల్సిన చోటు) రెండిటినీ వొలటైల్ (ప్రతిసారీ నిజంగా మెమరీనే ముట్టుకోమని కంపైలర్‌కు చెప్పే గుర్తు) చేసి వదిలేశారు. ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద వారం రోజులు ఆగకుండా నడిచింది. బోర్డు మీదకు రాగానే లక్షల ప్యాకెట్లకు ఒకసారి స్లాట్‌లో పాత డేటా కనబడుతోంది. టెన్షన్‌లో, చేతికందిన ప్రతి చోటా ఇన్‌లైన్ అసెంబ్లీతో డీఎంబీ ఎస్‌వై పెట్టారు, అంటే మెమరీ చదవడాలు, రాతల మధ్య వరుస పెట్టే ఆర్మ్ బ్యారియర్ ఇన్‌స్ట్రక్షన్. పాత డేటా ఆగింది గానీ స్పీడ్ సగానికి పడిపోయింది. ఇది చాలదన్నట్టు, తీసే త్రెడ్ అప్పుడప్పుడు నిద్రలోనే ఉండిపోతోంది, తర్వాతి ప్యాకెట్ వచ్చేదాకా లేవడం లేదు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. అందుకే విడివిడిగా చెప్తాను.

దానికంటే ముందు ఒక పుల్లవిరుపు మాట. మామూలు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క త్రెడ్‌నే రానిచ్చే లాక్) పెట్టి ఎంత స్పీడ్ వస్తుందో కొలిచి చూశారా? లాక్ తీసుకోవడంలో అక్వైర్, వదలడంలో రిలీజ్ అనే వరుస హామీలు (అర్థం కింద చెప్తాను) ఎలాగూ ఉంటాయి, ఈ గొడవంతా లైబ్రరీ రాసినవాళ్లు మన తరఫున పడే ఉన్నారు. మ్యూటెక్స్‌తో మీ అవసరం తీరిపోతే ఇక్కడితో చదవడం ఆపేయండి. తీరదనుకుంటే కింద చూడండి.

మీ కోడ్‌లో అసలు విషయమంతా ఈ ఐదు లైన్లలో ఉంది:

వేసే త్రెడ్:
స్లాట్[టెయిల్] ← ప్యాకెట్
టెయిల్ ← టెయిల్ + 1

తీసే త్రెడ్:
టెయిల్ మారేదాకా చూడు
ప్యాకెట్ ← స్లాట్[హెడ్]
హెడ్ ← హెడ్ + 1

మనకు స్లాట్‌కీ టెయిల్‌కీ ఉన్న బంధుత్వం తెలుసు. ప్రాసెసర్‌కు తెలియదు. దానికి అవి రెండు వేరే అడ్రసులు, అంతే. వేసే కోర్ స్లాట్‌లో రాసిన డేటా వెంటనే క్యాష్‌లోకి వెళ్లదు, ముందు స్టోర్ బఫర్‌లో, అంటే రాతలు వేచి ఉండే చిన్న క్యూలో, కూర్చుంటుంది. ఆ స్లాట్ ఉన్న క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) అప్పటికి అవతలి కోర్ దగ్గర ఉందనుకోండి, దాన్ని తెప్పించుకోవడానికి టైమ్ పడుతుంది. ఈలోగా టెయిల్ ఉన్న లైన్ మన దగ్గరే ఉంటే టెయిల్ ముందు బయటపడొచ్చు. ఆర్మ్ రూల్స్ దాన్ని ఒప్పుకుంటాయి. అటువైపు కూడా ఇలాంటిదే. తీసే కోర్, టెయిల్ విలువ ఇంకా రాకముందే "మారే ఉంటుందిలే" అని బ్రాంచ్ ప్రిడిక్షన్‌తో ఊహించుకుని, స్లాట్‌ను ముందే చదివి పెట్టుకుంటుంది. తర్వాత టెయిల్ వచ్చింది, నిజంగానే మారింది, ఊహ నిజమైంది. కానీ చేతిలో ఉన్నది మారకముందు చదివిన డేటా.

అంటే తప్పు రెండు వైపులా జరగొచ్చు. ఏ ఒక్కటి జరిగినా మీకు కనిపించేది ఒకటే: పాత ప్యాకెట్.

ఇక్కడే ఒక అపోహ తీసేద్దాం. "బ్యారియర్ అంటే క్యాష్ ఫ్లష్" అని చాలామంది అనుకుంటారు, ఇంటర్వ్యూల్లో కూడా చెప్తారు. కాదు. కోర్ల మధ్య క్యాష్‌లను ఒకటిగా ఉంచే పని హార్డ్‌వేర్ ఎప్పుడూ చేస్తూనే ఉంటుంది. బ్యారియర్ దేన్నీ బయటకు తోయదు. "దీనికి ముందువి ముందు, తర్వాతవి తర్వాత" అని వరుస పెడుతుంది, అంతే. అందుకే బ్యారియర్ పెడితే డేటా "త్వరగా" కనబడుతుంది అనుకోవడం కూడా తప్పే.

ల్యాప్‌టాప్ మీద ఎందుకు నడిచిందంటే, ఎక్స్86లో (ఇంటెల్ ప్రాసెసర్ల రకంలో) రాసినవి రాసిన వరుసలోనే బయటపడతాయి, చదివినవి చదివిన వరుసలోనే జరిగినట్టు కనబడతాయి. దీన్ని టీఎస్ఓ (టోటల్ స్టోర్ ఆర్డర్) మోడల్ అంటారు, 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దాన్ని ఎక్స్86-టీఎస్ఓ పేరుతో లెక్క ప్రకారం రాసిపెట్టారు. మామూలు మెమరీ మీద అక్కడ తారుమారయ్యేది ఒక్కటే: ముందు రాసి, తర్వాత ఇంకో అడ్రస్ చదివితే, ఆ చదవడం రాయడాన్ని దాటిపోవచ్చు. ఈ ఒక్క సందు గుర్తుంచుకోండి, మీ నిద్ర బగ్ దగ్గర పనికొస్తుంది.

మా వీధిలో పొద్దున్నే పాలు వేసే అబ్బాయి గేటుకు తగిలించిన సంచిలో ప్యాకెట్లు వేసి బెల్ కొడతాడు. వేయకముందే బెల్ కొడితే మనం వెళ్లి ఖాళీ సంచి చూసి తిరిగొస్తాం. ఇది వేసేవాడి తప్పు. ఇంకో రకం కూడా ఉంది. మనం బెల్ వినకముందే ఓసారి సంచి చూసొచ్చి, వంటింట్లోకి రాగానే బెల్ వినబడితే "ఇప్పుడే చూశాగా, ఏం లేవు" అని కూర్చుంటాం. ఇక్కడ అబ్బాయి తప్పేం లేదు, బెల్ విన్న తర్వాత మళ్లీ చూడకపోవడం మన తప్పు. అబ్బాయికి ఎన్ని జాగ్రత్తలు చెప్పినా ఈ రెండోది పోదు.

నేనిది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పదేళ్లు దాటిన మాట. అప్పుడు పనిచేస్తున్న చోట రెండు కార్టెక్స్ ఏ9 కోర్లున్న వీడియో బోర్డు ఉండేది. గంటకోసారి స్క్రీన్ మీద ఒక్క ఫ్రేమ్‌లో పచ్చటి గీత మెరిసి పోయేది. ప్రింట్ పెడితే మాయం, తీస్తే ప్రత్యక్షం. నాలుగు రోజులు తల పట్టుకున్నాక ఫ్రేమ్ రాసే వైపు డీఎంబీ పెట్టాం. రాత్రంతా నడిపితే ఒక్క గీత లేదు. బగ్ చచ్చిందని బిర్యానీ తెప్పించుకుని తిన్నాం కూడా. మూడో రోజు కస్టమర్ దగ్గర్నుంచి వీడియో వచ్చింది, అదే పచ్చ గీత. చదివే వైపు ఏమీ పెట్టలేదు మేము. రెండు కారణాల్లో ఎక్కువసార్లు జరిగేదాన్ని ఆపాం, రెండోదాన్ని అలాగే వదిలేశాం. గంటకు ఒకసారి వచ్చేది రెండు రోజులకు ఒకసారి రావడం మొదలుపెట్టింది, దాన్ని చూసి సరైపోయిందనుకున్నాం. నిజానికి అది ముందుకంటే దారుణం, ఎందుకంటే పట్టుకోవడం ఇంకా కష్టమైంది.

అప్పట్నుంచి కోడ్ రివ్యూలో బ్యారియర్ కనబడితే నేనడిగే మొదటి ప్రశ్న "ఏ బ్యారియర్" కాదు. "దీని జోడీ ఏ ఫైల్లో, ఏ లైన్లో ఉంది?" జోడీ చూపించలేకపోతే ఆ బ్యారియర్ ఉన్నా లేనట్టే. రెండో ప్రశ్న: "ముందు ఏ పని, తర్వాత ఏ పని? రాయడమా, చదవడమా?" ఈ రెండిటికీ జవాబు చెప్పగలిగితే ఏ బ్యారియర్ కావాలో దానంతట అదే తేలుతుంది. మీ డీఎంబీ ఎస్‌వైలు స్పీడ్ తినేయడానికి కారణం కూడా అదే. ఈ ప్రశ్నలు వేసుకోకుండా, అన్నిటికీ అన్నీ ఆపే బ్యారియర్ పెట్టారు.

ఇక వొలటైల్ సంగతి. మీ ప్రశ్నకే ఇంకొకరు జవాబిస్తూ "స్లాట్లను కూడా వొలటైల్ చేయండి" అన్నారు. సీ భాషలో వొలటైల్ కంపైలర్ చేతులు మాత్రమే కడుతుంది, ప్రాసెసర్‌కు దాని ఊసే తెలియదు. జావా నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ గందరగోళం మామూలే, 2004లో జావా 5తో వొలటైల్‌కు అక్కడ వరుస కాపాడే బాధ్యత కూడా వచ్చింది. సీలో అది లేదు. పైగా మీ కోడ్‌లో టెయిల్ వొలటైల్, స్లాట్ మామూలు వేరియబుల్. వొలటైల్ కానిదాన్ని వొలటైల్ అయినదాని ఇటు నుంచి అటు జరిపే హక్కు కంపైలర్‌కు ఉంది. అంటే మీ ల్యాప్‌టాప్ కోడ్ కూడా అదృష్టం మీద నడిచిందే.

మీరు పెట్టిన ఇన్‌లైన్ అసెంబ్లీలో ఇంకో చిన్న గుంట ఉంది. డీఎంబీ లైన్ రాశారు గానీ క్లాబర్ లిస్టులో (ఈ అసెంబ్లీ ఏవి మార్చొచ్చో కంపైలర్‌కు చెప్పే జాబితాలో) "మెమరీ" అని రాయలేదు. అది లేకపోతే ప్రాసెసర్ డీఎంబీ దగ్గర వరుస పాటిస్తుంది, కానీ కంపైలర్ ఆ లైన్‌ను పట్టించుకోకుండా స్లాట్ రాతలను దాని కిందకు దించేయొచ్చు. గేటుకు తాళం వేసి ప్రహరీ కట్టకపోవడం లాంటిది. ఆప్టిమైజేషన్ లెవెల్ మారిస్తే, కంపైలర్ వెర్షన్ మారిస్తే మళ్లీ బయటపడే రకం.

మొదటి జబ్బుకు మందు చెప్తాను. డీఎంబీలన్నీ తీసేయండి. హెడ్, టెయిల్ రెండిటినీ సీ11 అటామిక్‌లుగా (త్రెడ్ల మధ్య పంచుకోవడానికి సీ భాషే ఇచ్చిన వేరియబుల్ రకంగా) మార్చండి. స్లాట్లు మామూలుగానే ఉండొచ్చు. వేసే త్రెడ్ స్లాట్ నింపాక టెయిల్‌ను రిలీజ్ ఆర్డర్‌తో రాయాలి. తీసే త్రెడ్ టెయిల్‌ను అక్వైర్ ఆర్డర్‌తో చదవాలి. రిలీజ్ అంటే "నా ముందున్న చదవడాలు, రాయడాలు అన్నీ అయ్యాకే ఇది". అక్వైర్ అంటే "ఇది అయ్యాకే నా తర్వాతవి". బెల్ రెండు వైపులా సరిగ్గా కొట్టి, సరిగ్గా వినడం అన్నమాట.

64 బిట్ ఆర్మ్ మీద కంపైలర్ దీనికి బ్యారియర్ ఏదీ పెట్టదు. టెయిల్ రాయడాన్ని ఎస్‌టీఎల్ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్‌గా, చదవడాన్ని ఎల్‌డీఏఆర్‌గా మారుస్తుంది. వరుస ఆ ఒక్క లోడ్, ఆ ఒక్క స్టోర్‌లోనే ఇమిడిపోయింది. ఆర్మ్ వీ8తో వచ్చిన సదుపాయం ఇది. పాత 32 బిట్ ఆర్మ్ వీ7లో ఇవి లేవు కాబట్టి అదే సీ కోడ్‌కు కంపైలర్ డీఎంబీ ఐఎస్‌హెచ్ పెడుతుంది (ఐఎస్‌హెచ్ లాంటి తోకల అర్థం కింద ఉంది). ఎక్స్86 మీదైతే మామూలు మూవ్ ఇన్‌స్ట్రక్షనే వస్తుంది, అదనపు ఖర్చు ఏమీ లేదు. ఒకే సోర్స్ కోడ్ మూడు చోట్లా సరిగ్గా పనిచేయాలంటే చేత్తో బ్యారియర్ రాయకపోవడమే మేలు అనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇప్పుడు అందరూ మర్చిపోయే సగం: హెడ్. తీసే త్రెడ్ హెడ్ పెంచడం అంటే "ఈ స్లాట్ ఖాళీ, మళ్లీ రాసుకోవచ్చు" అని చెప్పడం. ఆ మాట స్లాట్ చదవడం పూర్తికాకముందే బయటపడితే, మనం చదువుతుండగానే వేసే త్రెడ్ దాని మీద కొత్త ప్యాకెట్ రాసేస్తుంది. అప్పుడు వచ్చేది పాత డేటా కాదు, సగం ఇది సగం అది. రింగ్ నిండుగా ఉన్నప్పుడే ఇది జరుగుతుంది కాబట్టి టెస్టుల్లో దొరకదు, లోడ్ పెరిగిన రోజు దొరుకుతుంది. అందుకని హెడ్‌ను కూడా రిలీజ్‌తో రాయాలి, వేసే త్రెడ్ దాన్ని అక్వైర్‌తో చదవాలి. ఎవరి ఇండెక్స్ వారు చదువుకునేటప్పుడు మాత్రం రిలాక్స్‌డ్ (వరుస హామీ ఏదీ లేని ఆర్డర్) చాలు, దాన్ని వేరేవాళ్లు మార్చరు కదా.

చేత్తో బ్యారియర్ రాసేవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. "రిలీజ్ అంటే రాయడమే కదా" అనుకుని రాతల బ్యారియర్, అంటే డీఎంబీ ఐఎస్‌హెచ్‌ఎస్‌టీ, లైనక్స్ కెర్నల్ భాషలో ఎస్‌ఎంపీ డబ్ల్యూఎంబీ పెడతారు. టెయిల్ దగ్గర అది సరిపోతుంది: ముందు స్లాట్ రాత, తర్వాత టెయిల్ రాత, రెండూ రాతలే. హెడ్ దగ్గర సరిపోదు. అక్కడ ముందున్నది స్లాట్ చదవడం, తర్వాతది హెడ్ రాయడం. ఐఎస్‌హెచ్‌ఎస్‌టీ చదవడాలను అసలు పట్టించుకోదు. అక్కడ పనికొచ్చేది డీఎంబీ ఐఎస్‌హెచ్‌ఎల్‌డీ, అది ముందున్న చదవడాలను తర్వాతి చదవడాల నుంచీ రాతల నుంచీ కూడా వేరు చేస్తుంది. ఆర్మ్64 లైనక్స్‌లో ఎస్‌ఎంపీ ఆర్‌ఎంబీ కిందకు దిగితే ఐఎస్‌హెచ్‌ఎల్‌డీయే కదా అని దాన్ని హెడ్ దగ్గర వాడేవాళ్లను చూశాను. అది ఆర్మ్64 దయ. ఆర్‌ఎంబీ ఇచ్చిన మాట చదవడానికీ చదవడానికీ మధ్య వరుస వరకే, ఇంకో ప్రాసెసర్ మీద ఆ దయ ఉండక్కర్లేదు. కెర్నల్‌లో ఉంటే ఎస్‌ఎంపీ స్టోర్ రిలీజ్, ఎస్‌ఎంపీ లోడ్ అక్వైర్ వాడండి.

ఇక రెండో జబ్బు, నిద్ర. మీ కోడ్‌లో తీసే త్రెడ్ "నిద్రపోతున్నా" అనే జెండా ఎత్తి, టెయిల్‌ను చివరిసారి చూసి, ఖాళీగా ఉంటే ఈవెంట్ఎఫ్‌డీ (త్రెడ్‌ను లేపడానికి లైనక్స్ ఇచ్చే కౌంటర్) మీద ఆగిపోతుంది. వేసే త్రెడ్ టెయిల్ పెంచి, జెండా చూసి, ఎత్తి ఉంటేనే లేపుతుంది. ఇక్కడ డేటా ఏమీ లేదు కదా అని బ్యారియర్ పెట్టలేదు మీరు. కానీ రెండు వైపులా ఆకారం చూడండి: ఒకటి రాసి, ఇంకోటి చదవడం. చదవడం రాయడాన్ని దాటిపోతే, వేసేవాడికి జెండా దిగి ఉన్నట్టు కనబడుతుంది, తీసేవాడికి టెయిల్ మారనట్టు కనబడుతుంది. వాడు లేపడు, వీడు లేవడు. ఇందాక గుర్తుంచుకోమన్న సందు ఇదే. ఎక్స్86 మీద కూడా ఈ బగ్ వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో రాలేదంటే ప్యాకెట్లు ఆగకుండా వస్తుండటం వల్ల తర్వాతి ప్యాకెట్ లేపేసి ఉంటుంది, మీరు గమనించలేదు.

దీనికి అక్వైర్, రిలీజ్ ఏమీ చేయలేవు. రిలీజ్ తన ముందువాటిని కాపాడుతుంది, అక్వైర్ తన తర్వాతవాటిని. "రిలీజ్‌తో రాసి, ఆ తర్వాత ఇంకోటి చదివితే" మధ్యలో కాపలా ఎవరూ లేరు. ఇక్కడ మాత్రం పూర్తి బ్యారియర్ (ఫెన్స్ అన్నా అదే) కావాలి, రెండు వైపులా:

తీసే త్రెడ్: జెండా ← 1, పూర్తి ఫెన్స్, టెయిల్ చూడు, ఖాళీ అయితే ఆగు
వేసే త్రెడ్: టెయిల్ రిలీజ్‌తో రాయి; పూర్తి ఫెన్స్; జెండా చూడు; ఎత్తి ఉంటే లేపు

సీ11లో అటామిక్ త్రెడ్ ఫెన్స్‌ను సీక్వెన్షియల్లీ కన్‌సిస్టెంట్ ఆర్డర్‌తో పిలవండి, జెండా కూడా అటామిక్‌గానే ఉండాలి. ఆర్మ్ మీద అది డీఎంబీ ఐఎస్‌హెచ్ అవుతుంది. ఎక్స్86లో ఎంఫెన్స్‌తోనో, లాక్ ప్రిఫిక్స్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌తోనో ఈ పని జరుగుతుంది. లైనక్స్ కెర్నల్ 4.15 నుంచి కోర్ల మధ్య పూర్తి బ్యారియర్‌కు ఎంఫెన్స్ మానేసి స్టాక్ మీద సున్నా కలిపే లాక్ యాడ్ వాడుతోంది, అది చవక అని. తీసేవాడు చూడటానికీ ఆగడానికీ మధ్యలో లేపుడు వస్తే ఏమవుతుందన్న భయం అక్కర్లేదు, ఈవెంట్ఎఫ్‌డీ లెక్క దాచుకుంటుంది, తర్వాత చదివినా వెంటనే తిరిగొస్తుంది.

మీ మొత్తం రింగ్‌లో నిజంగా బ్యారియర్ అనేది ఉండాల్సింది ఈ రెండు లైన్లలోనే.

డీఎంబీ, డీఎస్‌బీ, ఐఎస్‌బీ తేడా కూడా అడిగారు. డీఎంబీ మెమరీ పనుల మధ్య వరుస మాత్రం చూస్తుంది, కూడిక తీసివేతలు దాన్ని దాటుకుని నడిచిపోవచ్చు. డీఎస్‌బీ మొండిది. ముందున్న మెమరీ పనులు నిజంగా పూర్తయ్యేదాకా తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఏదీ కదలదు. పేజ్ టేబుల్ మార్చి టీఎల్‌బీ (అడ్రస్ అనువాదాలు దాచుకునే క్యాష్) తుడిచేటప్పుడు, డబ్ల్యూఎఫ్ఐతో కోర్‌ను పడుకోబెట్టే ముందు, ఎస్‌ఈవీతో ఇంకో కోర్‌ను లేపే ముందు అది కావాలి. ఐఎస్‌బీ మెమరీ వరుసకు సంబంధించినదే కాదు, పైప్‌లైన్ ఖాళీ చేసి ఇన్‌స్ట్రక్షన్లను మళ్లీ తెప్పిస్తుంది. సిస్టమ్ రిజిస్టర్ మార్చాకో, కోడ్‌నే మార్చాకో వాడతారు. జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెషిన్ కోడ్ తయారుచేసేది) రాసేవాళ్లకు వరుస కంఠతా వస్తుంది: డేటా క్యాష్ క్లీన్, డీఎస్‌బీ, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ తుడుపు, డీఎస్‌బీ, చివర్న ఐఎస్‌బీ. మామూలు త్రెడ్ల మధ్య డేటా మార్పిడికి డీఎస్‌బీ వాడారంటే ఎక్కడో తప్పు ఆలోచించారని అర్థం.

వెనకాల వచ్చే ఎస్‌వై, ఐఎస్‌హెచ్, ఓఎస్‌హెచ్ అన్నవి "ఎవరు చూస్తున్నారు" అన్నదానికి జవాబు. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కింద నడిచే కోర్లన్నీ ఇన్నర్ షేరబుల్‌లో ఉంటాయి, మీకు ఐఎస్‌హెచ్ చాలు. చూసేది డీఎంఏ చేసే (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీ చదివి రాసే) డివైస్ అయితే లెక్క మారుతుంది, అందుకే ఆర్మ్64 లైనక్స్‌లో డీఎంఏ డబ్ల్యూఎంబీ అంటే డీఎంబీ ఓఎస్‌హెచ్‌ఎస్‌టీ. డ్రైవర్‌లో డిస్క్రిప్టర్ (డివైస్ చేయాల్సిన పని వివరం) నింపి డోర్‌బెల్ రిజిస్టర్ కొట్టేటప్పుడు రైట్‌ఎల్ (డివైస్ రిజిస్టర్‌లో రాసే కెర్నల్ ఫంక్షన్) వాడితే కావాల్సిన వరుస దానిలోనే ఉంది, ముందు ఇంకో డబ్ల్యూఎంబీ దండగ. రైట్‌ఎల్ రిలాక్స్‌డ్‌కు మారితే ఆ పూచీ మీదే. అలాగే డివైస్‌కు క్యాష్ కోహెరెన్సీ లేకపోతే ఎన్ని బ్యారియర్లు పెట్టినా లాభం లేదు, డీఎంఏ సింక్ ఫంక్షన్లే పిలవాలి.

మిగతా ప్రాసెసర్ల గురించి రెండు ముక్కలు. రిస్క్-ఫైవ్ ఫెన్స్ నాకు ముచ్చటగా ఉంటుంది, ముందు ఏవి, తర్వాత ఏవి అని ఇన్‌స్ట్రక్షన్‌లోనే రాయాలి, నేను రివ్యూలో అడిగే ప్రశ్న అది ముందే అడుగుతుంది. పవర్‌లో ఎల్‌డబ్ల్యూసింక్ మామూలు మెమరీకి అన్ని వరుసలూ ఇస్తుంది, రాసి చదివే ఆ ఒక్క సందు తప్ప. దానికి పెద్ద సింక్ కావాలి. డెక్ ఆల్ఫా అయితే పాయింటర్ చదివి దాని ద్వారా డేటా చదివినా పాత డేటా ఇవ్వగలిగేది. దాని పుణ్యమా అని కెర్నల్‌లో ప్రత్యేకంగా ఒక బ్యారియర్ ఏళ్ల తరబడి ఉండిపోయింది.

స్పీడ్ మాటకొస్తే, డీఎంబీ తీసేసినంత మాత్రాన మొత్తం తిరిగొస్తుందని హామీ ఇవ్వను. బ్యారియర్ ఖర్చు ఫిక్స్‌డ్ రేటు కాదు, ఆ క్షణానికి స్టోర్ బఫర్‌లో ఎన్ని పెండింగ్ ఉన్నాయో దాన్ని బట్టి ఉంటుంది. మీరు పెట్టిన స్ట్రక్చర్‌లో హెడ్, టెయిల్ పక్కపక్కనే ఉన్నాయి, అంటే రెండూ ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో. ఒకరు రాసినప్పుడల్లా రెండోవారి లైన్ పోతుంది, ఇద్దరూ దాన్ని లాక్కుంటూ కూర్చుంటారు. ముందు వాటిని వేరే లైన్లలో పెట్టండి. తర్వాత, వేసే త్రెడ్ హెడ్ విలువను తన దగ్గర ఒక కాపీ ఉంచుకుని, ఆ కాపీ ప్రకారం రింగ్ నిండినట్టు అనిపించినప్పుడే అసలు హెడ్‌ను చదవాలి. తీసే త్రెడ్ టెయిల్‌తో ఇదే చేయాలి. ఇంకా కావాలంటే పదహారు ప్యాకెట్లు నింపాక ఒక్కసారి టెయిల్ పెంచండి, రిలీజూ ఫెన్సూ పదహారింటికీ కలిపి ఒక్కసారే పడతాయి. ప్యాకెట్లు తక్కువ వచ్చే వేళ పదహారో దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, చేతిలో ఉన్నవాటిని ప్రకటించేయడం మర్చిపోవద్దు. నా అనుభవంలో ఈ మూడూ కలిపి ఇచ్చే లాభం ముందు బ్యారియర్ రకం మార్చడం వల్ల వచ్చేది చిన్నది.

టెస్టింగ్ విషయంలో, బోర్డు మీద వారం నడిచిందన్నది సాక్ష్యం కాదు, పచ్చ గీత కథ చెప్పానుగా. మొదటి రకం బగ్‌ను మీ ఇంటెల్ ల్యాప్‌టాప్ మీదే త్రెడ్ శానిటైజర్ పట్టిస్తుంది. అది ప్రాసెసర్ ఏం చేసిందో చూడదు, భాష రూల్స్ ప్రకారం డేటా రేస్ (వరుస హామీ లేకుండా రెండు త్రెడ్లు ఒకే చోటును ముట్టుకోవడం, అందులో ఒకటైనా రాయడం) ఉందా అని చూస్తుంది. విడి ఫెన్స్‌లు మాత్రం దానికి అర్థం కావు, జీసీసీ 11 నుంచి ఆ సంగతి వార్నింగ్‌లోనే చెప్తుంది. మొదటి భాగానికి ఫెన్స్ కాకుండా అటామిక్ వేరియబుల్స్ మీదే అక్వైర్, రిలీజ్ పెట్టమనడానికి అది కూడా ఒక కారణం. నిద్ర బగ్‌ను అది పట్టదు, ఎందుకంటే అది డేటా రేస్ కాదు. దానికి హెర్డ్7 అనే టూల్ ఉంది: రెండు త్రెడ్ల కోడ్‌ను నాలుగైదు లైన్ల లిట్మస్ టెస్టుగా రాసిస్తే సాధ్యమయ్యే ఫలితాలన్నీ లెక్కకట్టి చూపిస్తుంది. ఫెన్స్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి నడపండి, "ఇద్దరికీ సున్నానే కనబడింది" అన్న ఫలితం పోయిందో లేదో తెలుస్తుంది. కెర్నల్ కోడ్ కోసమైతే 2018లో వచ్చిన 4.17 నుంచి మెమరీ మోడల్ సోర్స్‌తోపాటే ఉంది.

బోర్డు మార్చి చూస్తానంటే రాస్ప్‌బెర్రీ పై 3 వద్దు. దాని కార్టెక్స్ ఏ53 ఇన్‌స్ట్రక్షన్లను వరుసగా నడిపే రకం, ఇలాంటి తప్పులు అరుదుగా బయటపడతాయి. పై 4లో మీ ఏ72యే ఉంది. ఎం1 మాక్ ఉంటే దాని మీద నేరుగా ఆర్మ్ బిల్డ్ నడపండి. ఎక్స్86 బిల్డ్‌ను రోసెట్టాలో (ఎక్స్86 ప్రోగ్రామ్‌లను ఆర్మ్‌కు మార్చి నడిపే ఆపిల్ టూల్‌లో) నడిపితే ఆపిల్ వాళ్లు చిప్‌లోనే టీఎస్ఓ మోడ్ ఆన్ చేస్తారు కాబట్టి బగ్ దాక్కుంటుంది.

మార్పులు చేశాక ఆబ్జ్‌డంప్ (కంపైలర్ ఇచ్చిన ఇన్‌స్ట్రక్షన్లు చూపే టూల్) తీసి రెండు ఫంక్షన్లూ చూడండి. వేసే వైపు టెయిల్‌కు ఎస్‌టీఎల్ఆర్, హెడ్‌కు ఎల్‌డీఏఆర్, జెండా చూసే ముందు ఒక్క డీఎంబీ ఐఎస్‌హెచ్. తీసే వైపు టెయిల్‌కు ఎల్‌డీఏఆర్, హెడ్‌కు ఎస్‌టీఎల్ఆర్, నిద్రపోయే దారిలో ఒక్క డీఎంబీ ఐఎస్‌హెచ్. ప్రతి దాని పక్కనా దాని జోడీ ఎక్కడుందో కామెంట్ రాయండి. వీటికి మించి ఇంకో డీఎంబీ ఏదైనా కనబడితే ఆ ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.